పదమూడేళ్ల తర్వాత ఇంటికొచ్చారు, సావిట్లోనే ఉండిపోయారు

ప్రశ్న: మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 37 ఏళ్లు. మావారు పదమూడేళ్లు గల్ఫ్‌లో, ఒక మాల్‌లోని ఆటల హాల్లో మెషీన్లు బాగుచేసే పనిలో ఉన్నారు. ఆ హాలు మూసేశాక పూర్తిగా వచ్చేశారు. వచ్చిన రెండు నెలలకే సావిట్లో పిన్‌బాల్ అనే ఆట పెట్టె కట్టడం మొదలుపెట్టారు. చెక్కపెట్టెలో ఒక పెద్ద టీవీ పడుకోబెట్టి, పైన ఇంకో టీవీ నిలబెట్టారు. లోపల కంప్యూటరు, గుట్టలుగా వైర్లు. ఊళ్లో ఎవరైనా పిలిస్తే వెళ్లి మోటారు బాగుచేసి వస్తారు, మిగతా టైమంతా అక్కడే. రాత్రి ఒంటిగంట దాటినా లేవరు. ఆ టకటక శబ్దానికి మావయ్యగారికి నిద్ర ఉండటం లేదు. జూదం పెట్టె ఇంట్లోకి తెచ్చాడని అత్తయ్యగారు ఏడుస్తున్నారు. ఇన్నేళ్లూ నేను లేసు అల్లి, కొబ్బరి దింపులు చూసుకుంటూ ఇల్లు నడిపాను. మేడ మీద గది వేద్దామని చీటీ కట్టి దాచిన డబ్బులో రూ.1,80,000 నాకు చెప్పకుండా దీనికి ఖర్చుపెట్టారు. బ్యాంకు పుస్తకం చూస్తే తెలిసింది. అడిగితే "నా సంపాదనే కదా" అన్నారు. ఇలాంటివి కట్టి అమ్ముతానంటున్నారు. ఎనిమిదో తరగతి అబ్బాయి, ఐదో తరగతి అమ్మాయి ఆయనతో పెద్దగా మాట్లాడరు, ఏం కావాలన్నా నన్నే అడుగుతారు. ఎవరికి చెప్పుకున్నా "తాగట్లేదు కదా, నీకేం బాధ" అంటున్నారు. పదమూడేళ్లు ఫోన్లోనే కాపురం చేశాను. ఇప్పుడు ఇంట్లో ఉన్నా ఫోన్లో ఉన్నట్టే ఉంది. ఆ పెట్టె అమ్మేయమని పట్టుపట్టమంటారా?

జవాబు: అమ్మా, "తాగట్లేదు కదా" అన్నవాళ్ల మాట పక్కన పెట్టండి. తాగని మొగుడు దొరికితే చాలన్నట్టు మాట్లాడి ఆడవాళ్ల నోరు మూయించడం మన ఊళ్లలో అలవాటైపోయింది. పదమూడేళ్లు ఎదురుచూసి, మనిషి వచ్చాక కూడా ఇంకా ఎదురుచూడాల్సి రావడం చిన్న కష్టం కాదు.

పెట్టె అమ్మేయమని పట్టుపట్టకండి. చీటీ డబ్బు సంగతి మాత్రం వదిలిపెట్టకండి. ఈ రెండూ ఒకే గొడవగా కలిసిపోయాయి. అందుకే మీ మధ్య ఏ మాటా తేలడం లేదు.

ముందు డబ్బు గురించి. ఆయన పరాయి దేశంలో కష్టపడి పంపిన డబ్బే, కాదనను. కానీ ఆ డబ్బు ఖర్చైపోవడానికి వంద దారులు ఉంటే అన్నిటికీ అడ్డుపడి మిగిల్చింది మీరు. లేసు డబ్బులతో, దింపు డబ్బులతో ఇంటి ఖర్చు సర్దుకుని ఆయన పంపింది చీటీలో వేశారు. అది ఇద్దరి సంపాదన. "నా సంపాదనే కదా" అన్నది తప్పు మాట. ఆ సంగతి ఆయనకు తెలియాలి. అరిచి చెబితే తెలియదు, లెక్క చూపిస్తే తెలుస్తుంది. ఒక నోటుబుక్కు తీసుకుని ఏ ఏడు ఎంత వచ్చింది, ఏ అప్పు తీరింది, ఆసుపత్రికెంత, ఫీజులకెంత, మీ చేతి సంపాదన ఎంత కలిసింది, గుర్తున్నంతవరకు రాయండి. గల్ఫ్ నుంచి వచ్చిన మగవాళ్లు చాలామందిలో నేను చూసింది ఏమిటంటే, ఎంత పంపారో వాళ్లకు పైసలతో సహా గుర్తుంటుంది, ఆ డబ్బు ఇక్కడ ఎలా నిలబడిందో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. ఇది దెప్పడం కాదు. ఆయన లేని పదమూడేళ్లు ఎలా గడిచాయో ఆయనకు మొదటిసారి చెప్పడం.

ఆ లెక్క చూపించాక రెండు విషయాలు అడగండి. ఒకటి, ఇంకా ఎంత ఖర్చుంది? కాగితం మీద రాసి ఇమ్మనండి. అందులో మీకు కుదిరేదెంతో మీరు చెప్పండి, దానికి మించి ఒక్క రూపాయి కూడా వద్దు. రెండోది, గది డబ్బు తిరిగి ఎలా జమవుతుంది? మోటారు రిపేర్ల మీద వచ్చేదాంట్లో నెలకింత అని ఆయనే ఒక అంకె చెప్పాలి. ఇకమీదట ఐదు వేలు దాటిన ఏ ఖర్చైనా ఇద్దరూ అనుకున్నాకే. ఇది మీకూ వర్తిస్తుంది.

ఇప్పుడు ఆ పెట్టె. మీ ఉత్తరం చూశాక ఇలాంటిది ఇంట్లో కట్టుకున్న ఒకాయనతో చాలాసేపు మాట్లాడాను. అదేమిటో మీకు తెలిస్తే మీవారు అక్కడ ఏం చేస్తున్నారో కూడా కొంత తెలుస్తుందని చెబుతున్నాను. మనం చిన్నప్పుడు మేకులు కొట్టిన చెక్కపలక మీద గోళీలు వదిలి ఆడుకునేవాళ్లం కదా, పిన్‌బాల్ దానికి పెద్దన్న. అసలు మెషీన్‌లో అద్దం కింద కాస్త ఏటవాలుగా ఉన్న బల్ల మీద 80 గ్రాముల ఉక్కు బంతి దొర్లుతుంది. పెట్టెకు రెండు పక్కలా ఉన్న బటన్లు నొక్కితే ఫ్లిప్పర్లు అనే రెక్కలు లేచి ఆ బంతిని పైకి కొడతాయి. మీవారు కడుతున్న దాంట్లో బల్ల బదులు టీవీ, బంతి బదులు బొమ్మ. కంప్యూటర్ సరిపోతే ఒకే పెట్టెలో వందల రకాల ఆటలు పెట్టుకోవచ్చు.

కష్టమంతా బొమ్మను నిజంలా అనిపించడంలో ఉంది. బటన్ నొక్కాక టీవీ సెకనులో పదో వంతు ఆలస్యం చేసినా బంతి చేజారిపోతుంది. కాబట్టి టీవీని వెతికి కొనాలి, సెట్టింగులు దిద్దాలి. పెట్టెను అరచేత్తో తోస్తే తెర మీద బంతి కదలడానికి ఒక చిన్న బోర్డు కావాలి. రెక్క లేచినప్పుడు చేతికి అదురు తగలాలంటే లోపల నిజంగానే ఏదో ఒకటి కొట్టుకోవాలి. దానికి కాయిల్స్ వాడతారు, లేదా కాంటాక్టర్లు. మీ తోటలో మోటారు ఆన్ చేసినప్పుడు స్టార్టర్‌లో టక్కుమంటుందే, అదే కాంటాక్టర్. మావయ్యగారికి రాత్రుళ్లు వినిపిస్తున్నది బహుశా అదే. పైగా ప్రతి ఆటకూ ప్రోగ్రాము వేరు, పైటీవీలో బొమ్మ వేరు, సౌండు వేరు. ఒకటి కుదిరిందనుకుంటే ఇంకోటి చెడుతుంది. అర్ధరాత్రి ఒంటిగంట ఇలాగే అవుతుంది.

ఇదంతా వింటుంటే నాకు ఆ ఆటల హాలు కళ్ల ముందు కనిపించింది. అక్కడ ఏ మెషీన్ ఆగినా మీవారినే పిలిచేవారు. ఆయన వచ్చి మూత తీస్తే మళ్లీ నడిచేది. ఊరికి వచ్చాక? ఇల్లు ఆయన లేకుండా నడవడం నేర్చుకుంది. పిల్లలకు ఏం కావాలో మీకు తెలుసు, దింపు ఎప్పుడో మీకు తెలుసు, మావయ్యగారి మందులు మీకు తెలుసు. ఆయన చేయి వేయడానికి ఇంట్లో ఆగిపోయిన పని ఒక్కటీ లేదు. సావిట్లో తనే ఒక మెషీన్ కట్టుకుని, తనే చెడగొట్టుకుని, తనే బాగుచేసుకుంటున్నారు. ఇందులో మీ తప్పు ఏమీ లేదు. మీరు నడపకపోతే ఆ ఇల్లు ఉండేదే కాదు. అయితే పెట్టెను బయట పడేసినంత మాత్రాన ఆయన లోపలికి వచ్చేయరు. వీధి అరుగు మీద కూర్చుంటారు, అంతే.

కాబట్టి ఇంట్లో ఒకటి రెండు పనులు పూర్తిగా ఆయనకు అప్పగించండి. సాయం చేయమని అడగడం వేరు, అప్పగించడం వేరు. దింపు లెక్క ఇవ్వండి: దింపు మనిషిని పిలవడం, కాయ లెక్కపెట్టడం, వ్యాపారితో బేరం, అన్నీ. స్కూల్లో పేరెంట్స్ మీటింగుకు ఆయన్నే పంపండి. మొదటిసారి కాయల లెక్క తప్పుతారు, బేరంలో తగ్గుతారు. అప్పుడు వెంటనే లాక్కోకండి. మీకు ఇది చాలా కష్టంగా ఉంటుందని తెలుసు. పిల్లలు వచ్చి మిమ్మల్ని అడిగితే "నాన్నని అడుగు" అనండి, అని అక్కడి నుంచి లేచి వెళ్లిపోండి.

పిల్లల విషయంలో ఆ పెట్టే మీకు పనికొస్తుంది. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు కట్టడం మీరు చూసే ఉంటారు. వెదుళ్లు కట్టేటప్పుడు అక్కడ చేరిన కుర్రాళ్లకు ఎవరూ పాఠం చెప్పరు. "ఈ తాడు పట్టుకోరా" అంటారు. పట్టుకున్నవాడు నాలుగేళ్లకు ముడి వేస్తాడు, ఇంకో నాలుగేళ్లకు ప్రభ కింద భుజం పెడతాడు. తండ్రితో ఎదురుగా కూర్చుని మాట్లాడమంటే మీ అబ్బాయి ఏం మాట్లాడతాడు? వైర్లకు నంబర్లు అంటించరా, మీటరు పెట్టి వైరు తెగిందో లేదో చూడరా అంటే చేస్తాడు, చేస్తూ మాట్లాడతాడు. అమ్మాయిని "నీకెందుకు" అని పక్కన పెట్టనివ్వకండి. పెట్టె పక్కలకు ఏ రంగు, ఏ బొమ్మ అన్నది ఆ పిల్లనే తేల్చమనండి. సాయంత్రం ఒక గంట, ముగ్గురూ కలిసి. ఆ గంట మీరు అక్కడ ఉండనక్కర్లేదు.

పిల్లలు చేతులు పెట్టేముందు ఒక పని జరగాలి. లోపల కరెంటు సప్లయిలకు మూతలు ఉండాలి, సావిట్లో ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో చూడాలి, షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపే ఆర్‌సీసీబీ పెట్టించాలి. మన నేల చెమ్మ సంగతి ఆయనకు చెప్పక్కర్లేదు. ప్లగ్గు తీయకుండా పెట్టె తెరవకూడదన్నది ఇంట్లో అందరికీ రూలు.

రాత్రి తొమ్మిదిన్నర తర్వాత కాయిల్స్, కాంటాక్టర్లు మోగకూడదు. వాటి కరెంటును విడిగా ఆపే స్విచ్ పెట్టుకోవచ్చు, ఇలాంటివి కట్టేవాళ్లు చాలామంది పెట్టుకుంటారు. ఇది మీవారికి పది నిమిషాల పని. పదిన్నరకు పడుకోవడం అన్నది మీ ఇద్దరి మధ్య మాట. దానికి మావయ్యగారి నిద్రను సాకుగా చెప్పకండి. "నాకు మీరు కావాలి" అని సూటిగా చెప్పండి. పదమూడేళ్లు ఫోన్లో పక్కన ఎవరో ఒకరు వింటుండగా మాట్లాడుకున్నవాళ్లకు ఆ మాట నోట రావడం కష్టమే. అయినా చెప్పండి.

ఇంకో సంగతి, ఈ పెట్టెలకు "అయిపోయింది" అనేది ఉండదు. లైట్లు పెట్టాక ఫ్యాను, ఫ్యాను పెట్టాక ఇంకో మోటారు. ఏం పనిచేస్తే పూర్తయినట్టో ఇప్పుడే అనుకోండి. బటన్లు, సౌండు, ఐదు ఆటలు, సంక్రాంతికి చుట్టాలు వచ్చేలోగా. ఆ తర్వాత ఆరు నెలలు కొత్త సామాను కొనకూడదు.

అమ్మకం గురించి ఆయన్ను ఎగతాళి చేయకండి, కానీ నమ్ముకుని కూర్చోకండి. ఇందులోని ఆటల్లో చాలావాటిని ఎవరెవరో ఇష్టంతో తయారుచేసి, వ్యాపారానికి వాడకూడదన్న షరతుతో ఉచితంగా ఇస్తారు. అవి ఎక్కించి పెట్టెలు అమ్మితే చిక్కుల్లో పడతారు. ఆయన చేతిలో ఉన్న అసలు పని రిపేరు. మోటార్లు, స్టార్టర్లు, ఇన్వర్టర్లు. రోజూ పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఆ పనికని బయటికి వెళితే సంపాదన వస్తుంది, పిలిచే మనుషులూ వస్తారు. ఆయనకు ఈ రెండోదే ఎక్కువ అవసరమని నా ఉద్దేశం.

అత్తయ్యగారి భయం గురించి. ఆవిడ అన్నమాట ఆవిడొక్కరే అనలేదు. న్యూయార్క్ నగరంలో 1942లో మేయర్ లగార్డియా హయాంలో పిన్‌బాల్‌ను జూదమని నిషేధించి, మెషీన్లను సుత్తులతో పగలగొట్టించారు. రెక్కలున్న మెషీన్ వచ్చిందే 1947లో. అంతకుముందు బంతి ఎటు పోతుందన్నది చాలావరకు అదృష్టమే. 1976లో రోజర్ షార్ప్ అనే ఆటగాడు ఆ నగర కౌన్సిల్ వాళ్ల ముందు, బంతిని ఎక్కడికి పంపుతాడో ముందే చెప్పి అక్కడికే పంపాడు. ఆ ఏడాదే నిషేధం పోయింది. మీ సావిట్లో పెట్టెలో పైసా పందెం లేదు. సంక్రాంతికి కోడిపందాల బరి దగ్గర ఎకరాలు పోగొట్టుకున్నవాళ్లు అత్తయ్యగారికి తెలిసే ఉంటారు. జూదమంటే అది. ఈ తేడా మీరు చెబితే కోడలి మాట అవుతుంది, కొడుకునే చెప్పనివ్వండి. ఆవిడను ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఒక ఆట ఆడించమనండి.

ఒక్క విషయంలో జాగ్రత్తగా ఉండండి. ఆయన అసలు నిద్రపోకపోయినా, తిండి తగ్గినా, ఆ పెట్టె మీద కూడా ఆసక్తి పోయి ఊరికే కూర్చుంటున్నా, "నేను ఎందుకూ పనికిరాను" లాంటి మాటలు వచ్చినా అది అలవాటు సంగతి కాదు. డాక్టరుకు చూపించాలి. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. ఏ టైములో చేసినా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. అది మీకు కూడా. ఇన్నేళ్లు మోసింది మీరు.

ఎక్కడ మొదలుపెట్టాలంటారా? రేపో ఎల్లుండో, ఆయన సావిట్లో ఉన్నప్పుడు టీ తీసుకుని వెళ్లి అక్కడే కూర్చోండి. ఒక ఆట చూపించమనండి. మీరు కూడా బటన్లు నొక్కండి. బంతి జారిపోతుంది, అందరికీ జారుతుంది. నోటుబుక్కు ఆ రోజు తియ్యకండి. మర్నాడు పిల్లలు స్కూలుకు వెళ్లాక తియ్యండి.