సీసం ముద్ర చూసి మురిసిపోకు

చిరంజీవి మేనకోడలికి,

అంబత్తూరులో షెడ్డు అద్దెకు తీసుకుని పతకాల డైలు, అంటే బొమ్మ అదిమే ఉక్కు అచ్చులు, నువ్వే తయారు చేయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో ఇనుముకు జంకని ఆడపిల్ల పుట్టిందని పొంగిపోయాను. మిగతా డైలన్నిటికీ మూలమైన మాస్టర్ డై పరీక్షించకముందే కళాశాల వాళ్ళకు వెండి పతకాల తేదీ ఇచ్చేశావని వినేసరికి నిద్ర పట్టలేదు. అంత తొందరేమిటే నీకు?

డై మీద అక్షరాలు తిరగబడి ఉండాలి, భూతద్దంతో చూడు. సీసం మీద ముద్ర తీసి చూసుకో. సీసం ముట్టిన చేత్తో అన్నం తినకు.

నేను పని నేర్చుకున్న షెడ్డులో యజమాని సీసం ముద్ర చూసి మురిసిపోయాడు. లక్ష్మీదేవి ముక్కుపుడకతో సహా దిగింది మరి! వెంటనే మాస్టర్ నుంచి హబ్, అంటే బొమ్మ పైకి ఉబ్బి ఉండే అచ్చు, తీసి, ఆ హబ్‌తో పతకాలు కొట్టే పని డైలన్నీ అదిమించి, గట్టిపరిచాడు. తీరా వెండి బిళ్ళ పెట్టి కొడితే, అమ్మవారి ముఖానికి సరిగ్గా వెనకవైపున్న అక్షరాలు అరిగిపోయినట్టు వచ్చాయి. ప్రెస్సు ఒత్తిడిని ఇంకొన్ని టన్నులు పెంచాడు. అక్షరాలు నిండకముందే డై పగిలింది. బిళ్ళలో ఉన్న లోహమే కొంత, ముఖపు గుంట లాగేసుకుంటే వెనకవైపుకు మిగిలేదేముంది? సీసం మెత్తనిది, ఏ గుంటలోకైనా పారుతుంది, పైగా అది ఒక వైపు ముద్రే. చెక్కడంలో తప్పులు పట్టిస్తుంది గాని వెండి ఎటు పారుతుందో చెప్పదు.

1907లో సెయింట్-గాడెన్స్ రూపొందించిన అమెరికా 20 డాలర్ల బంగారు నాణేనికీ ఉబ్బెత్తు ఎక్కువై, ఒక్కొక్కదాన్ని మళ్ళీ మళ్ళీ అదమవలసి వచ్చింది. ఉబ్బెత్తు తగ్గించాకే మామూలు ముద్రణకు లొంగింది. అంతటి శిల్పికే తప్పలేదు, నీ కంప్యూటర్ బొమ్మ ఎంత!

అందుకని ముందు రెండు వైపులకూ ఒక్కొక్క పని డై మాత్రమే తీయించు. పతకానికి వాడే వెండినే, అదే మందంలో, అదే ప్రెస్సు మీద కొట్టు. తక్కువ టన్నులతో మొదలుపెట్టి పెంచుతూ, ఏ బిళ్ళ ఎన్ని టన్నులదో రాసి పెట్టుకో. ఆఖరున నిండే చోటు తెలిసిపోతుంది. దానికి ఎదురుగా ఉన్న ఉబ్బెత్తు తగ్గించి మాస్టర్ మళ్ళీ కోయించు. షావుకారుపేటలో ఎవరి దగ్గర కొన్నా సరే, పరీక్షకూ పతకాలకూ ఒకే స్వచ్ఛత వెండి తీసుకో.

ఒక్కసారి అదిమితే బొమ్మ పూర్తిగా దిగకపోతే, డైని మధ్యలో మెత్తబరిచి రెండోసారి హబ్ కింద పెట్టేటప్పుడు రవ్వంత తిరిగినా గీత రెండవుతుంది. 1955 అమెరికా సెంట్లలో కొన్నిటి మీద అంకెలు జంటగా కనిపించేది అందుకే.

ప్రెస్సుకు గార్డు బిగించేదాకా నువ్వు గాని, నీ దగ్గరి కుర్రాడు గాని చెయ్యి లోపల పెట్టారని తెలిస్తే ఊరుకోను. వేళ్ళు పోయిన వాళ్ళతో కలిసి పనిచేసినవాణ్ణి.

పరీక్షలో పాడైన వెండి కరిగిస్తే మళ్ళీ బిళ్ళే. తరుగు డబ్బు నేనిస్తాను, మీ అమ్మకు చెప్పకు.

ఆశీస్సులతో,
మావయ్య