యానిమల్ హౌస్ నుంచి ల్యాబ్‌కి చిట్టెలుకలను ఎలా తీసుకెళ్లాలి? ఎనిమిది నిమిషాల దారికి ఇంత హడావుడి అవసరమా?

మీరు అడిగింది ఇదీ: యానిమల్ హౌస్ ఒక బిల్డింగ్‌లో, మీ ల్యాబ్ ఇంకో బిల్డింగ్‌లో. నడిస్తే ఎనిమిది నిమిషాలు. ఆరు కేజ్‌ల చిట్టెలుకలు. ట్రాలీలో తోసుకెళ్లాలా, కారులో పెట్టుకుంటే త్వరగా పనైపోతుందా, చేరగానే రక్తం తీయొచ్చా? చివరిదానికి ముందే చెప్పేస్తున్నాను, తీయకండి. ఎందుకో చెప్పాలంటే నేను చేసిన ఒక తెలివితక్కువ పని దగ్గర మొదలుపెట్టాలి.

అప్పుడు నాది పీహెచ్‌డీ రెండో ఏడు. నా పనంతా ఒత్తిడి హార్మోన్ మీదే. ఒకరోజు ఎనిమిది కేజ్‌లు ట్రాలీకి ఎక్కించి, నీళ్ల సీసాలు తీయకుండానే బయలుదేరాను. దారిలో దాహం వేస్తుందేమో, పాపం అనుకున్నాను. మా దగ్గర రెండు బిల్డింగులు కలిసేచోట నేల మీద ఒక ఇనుప పట్టీ ఉంటుంది. ట్రాలీ దాన్ని ఎక్కి దిగేసరికి సీసాలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. నేను పట్టించుకోలేదు. ల్యాబ్‌లో మూతలు తీసి చూస్తే రెండు కేజ్‌లలో బెడ్డింగ్, అంటే అడుగున పరిచే మెత్తటి పరుపు, తడిసి ముద్దయి ఉంది. ఒకదాంట్లో ఒక చిట్టెలుక మూలకు నక్కి, వీపు గూనిలా ఎత్తి, బొచ్చు నిక్కబొడుచుకుని కూర్చుంది. చేతిలోకి తీసుకుంటే పొట్ట చల్లగా తగిలింది.

సీసాలో నీళ్లు కారకుండా ఆగేది లోపలి, బయటి గాలి పీడనాల తేడా వల్ల. కుదుపుకి ఒక గాలి బుడగ లోపలికి దూరితే ఆ మేరకు నీళ్లు బయటికొస్తాయి. సీసా కదలకుండా ఉన్నంతసేపే దాన్ని నమ్మాలి. చిట్టెలుక బరువు పాతిక గ్రాములకు అటూ ఇటూ. ఒంటి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ కాబట్టి వేడి చాలా త్వరగా పోతుంది. దానికి హాయిగా ఉండే వేడి దాదాపు 30 డిగ్రీలు. మనం గదులను మాత్రం 20 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంచుతాం. ఆ తేడాను అది గూడు కట్టుకుని, తోటివాటితో ఒకదాన్నొకటి అతుక్కుని పడుకుని సర్దుకుంటుంది. బెడ్డింగ్ తడిస్తే గూడూ పోయె, వేడీ పోయె.

కాబట్టి ఎనిమిది నిమిషాల దారికి సీసాలు తీసేసి విడిగా తీసుకెళ్లండి. ఆ కాస్త సేపు నీళ్లు లేకపోతే ఏమీ కాదు. గంటలు పట్టే ప్రయాణమైతే కేజ్‌లో హైడ్రోజెల్ (నీటిని పట్టి ఉంచే జెల్లీ) పెట్టండి, దాన్ని తిన్నా నీరు అందుతుంది. గూడు మాత్రం పాతదే ఉంచండి. శుభ్రంగా ఉండాలని కొత్త కేజ్‌లోకి మార్చి మరీ బయలుదేరేవాళ్లు ఉన్నారు. మగవాటికైతే ఆ పాత గూడు వాసనే సగం ధైర్యం, అది లేకపోతే కొట్లాటలు పెరుగుతాయి. వేర్వేరు కేజ్‌ల మగవాటిని దారి కోసమని ఒకే డబ్బాలో కలపడం గురించి చెప్పాల్సిన పనే లేదు.

ఆ రోజు తడిసిన కేజ్‌లను వెనక్కి పట్టుకెళ్తే యానిమల్ హౌస్‌లో జంతువులను చూసుకునే పెద్దాయన తలుపు దగ్గరే ఆపారు. మేమందరం ఆయన్ని బాబాయ్ అనేవాళ్లం. తిట్టలేదు. "ఏమ్మా, ఖాళీ ట్రాలీతో ఒక్కసారైనా ఆ దారంతా నడిచి చూశావా?" అన్నారు. లేదన్నాను. ట్రాలీ పై అరలో ఒక గ్లాసు పెట్టి, అంచు దాకా నీళ్లు పోసి, "ముందు దీన్ని ఒలకకుండా తీసుకెళ్లమ్మా. నీ ఎలుకలను తర్వాత తీసుకెళ్దువుగాని" అన్నారు.

తీసుకెళ్లాను. ఇనుప పట్టీ దగ్గర గ్లాసులో నీళ్లు పావు వంతు పోయాయి. అది ఊహించిందే. అసలు ఆశ్చర్యం లిఫ్ట్ దగ్గర. లిఫ్ట్ గడపకీ నేలకీ మధ్య సందులో ముందు చక్రం పడి లేచేసరికి ఇంకో పావు వంతు. ఆ సందు మీదుగా రోజూ నడుస్తున్నా నా కాళ్లకు ఎన్నడూ తెలియలేదు. ఇక కారిడార్‌లో గరుకు టైల్స్ ఉన్న చోట నీళ్లు ఒలకలేదు గానీ పైన సన్నటి అలలు ఆగకుండా వణుకుతూనే ఉన్నాయి. ట్రాలీ పిడి మీద నా అరచేతికి ఆ వణుకు దాదాపు తెలియదు. కేజ్ అడుగున నాలుగు కాళ్ల మీద నిలబడినదానికి అదే మొత్తం నేల.

తర్వాత మేం చేసినవి చిన్న మార్పులే. గట్టి ప్లాస్టిక్ చక్రాల ట్రాలీ మానేసి పెద్ద రబ్బరు చక్రాలది తీసుకున్నాం. కేజ్‌ల కింద మెత్తటి రబ్బరు షీటు పరిచాం. లిఫ్ట్ సందు మీద ఒక పలక వేసి దాటించాం. ఇనుప పట్టీ తగలకుండా చుట్టు తిరిగి వెళ్లాం, రెండు నిమిషాలు ఎక్కువ పట్టేది. మీరూ ముందు ఆ గ్లాసు పని చేయండి. ఎక్కడ ఒలుకుతుందో అక్కడ ఆగి చూడండి. ఎన్ని నిబంధనలు చదివినా మీ కారిడార్ సంగతి వాటిలో ఉండదు కదా.

తరువాత చెవుల సంగతి. మనకు 20 కిలోహెర్ట్జ్ దాటితే వినబడదు. చిట్టెలుకలు 80 కిలోహెర్ట్జ్ పైన కూడా వింటాయి. లోహం లోహానికి తగిలినప్పుడు మనకు వినబడని పై శబ్దం చాలా పుడుతుంది. నడుముకి వేలాడే తాళాల గుత్తి వాటికి మోగే గంటల బండి లాంటిది. డీబీఏ/2 అనే చిట్టెలుకల స్ట్రెయిన్‌లో (వంశ రకంలో) మూడు వారాల వయసు పిల్లలకైతే పెద్ద శబ్దానికి ఏకంగా ఫిట్స్ వస్తాయి, తాళాలు ఆడించడం కూడా చాలు. నేను తాళాలు, ఐడీ కార్డు రెండూ జేబులో వేసుకుని, మూతల కమ్మీలు గలగలలాడకుండా మధ్యలో గుడ్డ దూర్చి వెళ్తాను. చూసేవాళ్లకు చాదస్తంగా ఉంటుంది, ఉండనివ్వండి.

పైన ముదురు రంగు గుడ్డ కప్పండి. గాలి ఆడాలి కాబట్టి ప్లాస్టిక్ షీటు వద్దు. గుడ్డ వాటికి వెలుతురు తగ్గించడానికే కాదు, దారిలో ఎదురయ్యేవాళ్ల కోసం కూడా. చిట్టెలుక మూత్రంలోని ప్రొటీన్లు దుమ్ములో కలిసి గాల్లో తేలతాయి, వాటితో అలర్జీ, ఆస్తమా వచ్చినవాళ్లు మన రంగంలో ఎంతమందో. కేజ్ ముట్టనివాళ్లకు ఆ బాధ మనం అంటించకూడదు. అందుకే సర్వీస్ లిఫ్ట్, జనం తక్కువ ఉండే వేళ. గాలి సరఫరా ఉండే ర్యాక్‌లోని కేజ్‌లైతే, ర్యాక్ నుంచి తీయగానే ఆ సరఫరా ఆగిపోతుందని గుర్తుంచుకోండి. కొన్ని రకాలు మూత పెడితే దాదాపు గట్టిగా మూసుకుపోతాయి. మీ కేజ్ ఏ రకమో, ర్యాక్ బయట ఎంతసేపు ఉంచొచ్చో అడిగి తెలుసుకోకుండా కదలకండి.

పెద్ద ఎలుకలను, చిట్టెలుకలను ఒకే ట్రాలీలో ఎక్కించొద్దు. ఎలుకలు చిట్టెలుకలను వేటాడి చంపుతాయి, ఆ వాసనే వీటికి భయం. ముందు పెద్ద ఎలుకలను తీసుకెళ్లిన ట్రాలీ అయితే కడిగి వాడండి.

ఇప్పుడు రక్తం సంగతి. కేజ్ కదిపిన మూడు నాలుగు నిమిషాల్లోనే రక్తంలో కార్టికోస్టెరాన్, అంటే వాటి ఒత్తిడి హార్మోన్, పెరగడం మొదలవుతుంది. మీరు ఎనిమిది నిమిషాలు తోసుకొచ్చి, మూత తీసి, సూది గుచ్చితే మీకు వచ్చే అంకె మీరు పరీక్షిస్తున్న మందుది కాదు, మీ ట్రాలీది. నా మొదటి బ్యాచ్ మొత్తం అలాగే పోయింది. మందు ఇవ్వని కంట్రోల్ గ్రూపులోనే హార్మోన్ ఆకాశంలో ఉంది. గ్రాఫ్ గీసినప్పుడు గానీ నాకు బుర్రకెక్కలేదు. బిహేవియర్ టెస్టులకైతే పరీక్ష గదికి తెచ్చాక కనీసం అరగంట నుంచి గంట వదిలేస్తారు. హార్మోన్ కొలవాలంటే నా లెక్కలో అదీ చాలదు. అసలు వాటిని ల్యాబ్‌కే తేవాలా? యానిమల్ హౌస్‌లో ప్రొసీజర్ రూమ్ ఉంటే అక్కడే రక్తం తీసి, ట్యూబులు ఐస్‌లో పెట్టుకుని మీరు నడిచి రండి. ట్యూబులకు భయం వేయదు. ఇది నాకు తట్టడానికి ఏడాది పట్టింది.

తప్పక తేవాల్సి వస్తే ఒక జాగ్రత్త. కంట్రోల్ కేజ్‌లన్నీ పై అరలో, మందు ఇచ్చినవన్నీ కింద అరలో పెట్టకండి. రెండు అరల్లో కుదుపూ, వెలుతురూ ఒకేలా ఉండవు. ఆ తేడా మీ ఫలితంలోకి చెప్పకుండా దూరుతుంది. కలిపి పెట్టండి, ఏది ఏ అరలో ఉందో కేజ్ కార్డు మీద రాసుకోండి. కేజ్ మార్చేటప్పుడు తోక పట్టి ఎత్తకండి. ఒక చిన్న గొట్టంలోకి దూరనిచ్చి గొట్టంతో సహా ఎత్తండి, లేదా దోసిట్లో తీసుకోండి. తోక పట్టి ఎత్తిన వాటిలో బెదురు ఎక్కువని హర్స్ట్, వెస్ట్ 2010లో నేచర్ మెథడ్స్‌లో చూపించారు. ఈనే రోజులు దగ్గరపడ్డ ఆడవాటినీ, అప్పుడే ఈనినవాటినీ కదపకపోవడమే మేలు. బెదిరితే తల్లి పిల్లలను తినేయడం ఉంటుంది. ఇంకోటి, చాలా చోట్ల ఒకసారి బయటకొచ్చిన జంతువును ఎస్‌పీఎఫ్ బారియర్‌లోకి (ఫలానా రోగక్రిములు లేకుండా కాపాడే గదుల్లోకి) తిరిగి రానివ్వరు. నన్ను తలుపు దగ్గర ఆపింది అందుకే. మీవి సాయంత్రం ఎక్కడ పడుకుంటాయో పొద్దున్నే తేల్చుకుని బయలుదేరండి.

కారు మాటకొస్తే, సొంత కారు వద్దే వద్దు. ఎండలో ఆపిన మూసిన కారులో పది నిమిషాలకే దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. చిట్టెలుకకు మనలా చెమట పట్టదు, ఉమ్మిని బొచ్చుకు పూసుకుని, తోక గుండా వేడి వదిలి నెట్టుకొస్తుంది. ఇరుకు డబ్బాలో ఆ రెండూ చాలవు. పైగా ఆ అలర్జీ ప్రొటీన్లు సీటు గుడ్డలో ఉండిపోతాయి, రేపు అదే సీట్లో మీ పిల్లలు కూర్చుంటారు. దూరం నిజంగా ఎక్కువైతే ఏసీ ఉన్న సంస్థ బండి అడగండి, ఆ సంగతి ఎథిక్స్ కమిటీకి ఇచ్చే ప్రోటోకాల్‌లో రాయండి. ఊరు దాటించే ప్రయాణమైతే చేరాక కనీసం మూడు రోజులు, వీలైతే వారం, ఏ ప్రయోగమూ చేయకుండా వదిలేయాలి.

చివరగా లిఫ్ట్. డ్రై ఐస్ డబ్బాతో గానీ, లిక్విడ్ నైట్రోజన్ క్యాన్‌తో గానీ జంతువులను ఒకే లిఫ్ట్‌లో ఎక్కించకండి, మీరూ ఎక్కకండి. మూసి ఉన్న చోట అవి గాల్లోని ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తాయి. ఒకసారి నేను మూడు కేజ్‌లతో లిఫ్ట్‌లో ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయాను. టెన్షన్‌లో ఎవరికి ఫోన్ చేయాలో గుర్తు రాలేదు. ఆ తర్వాత బాబాయ్ ట్రాలీ పిడికి ఒక అట్ట కట్టారు. దాని మీద యానిమల్ హౌస్ నంబరు, పశువైద్యుడి నంబరు, లిఫ్ట్ వాళ్ల నంబరు, ఎన్ని కేజ్‌లు, ఎన్ని తలలు, ఎన్నింటికి బయలుదేరాం అన్నవి పెన్సిల్‌తో రాసేవాళ్లం. చేరాక తలలు లెక్కపెట్టి ఫోన్ చేస్తేగానీ ఆయన భోజనానికి లేచేవారు కాదు.