9వ నెల టీకాతో విటమిన్ ఎ పడితే యాంటీబాడీలు ఎక్కువ వస్తాయా?

పాపకి 9 నెలలు నిండాక ఎంఆర్ టీకా (తట్టు, రుబెల్లా రాకుండా వేసేది) వేసిన రోజే విటమిన్ ఎ కూడా పట్టారు, దానివల్ల టీకా ఇంకా బాగా పనిచేస్తుందా లేకపోతే దెబ్బతింటుందా అనే కదండీ మీరు అడిగేది. నేను కోనసీమలో చాలా ఏళ్ళు ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. టీకాల రోజైన బుధవారం వచ్చిందంటే విటమిన్ ఎ చెంచా పట్టుకుని కూర్చోవడమే, సగం గీత దాకా పోస్తే 1 ఎంఎల్, అంటే లక్ష యూనిట్లు, పిల్లలు సగం మింగి సగం మన చీర మీద ఉమ్మేవాళ్ళు, ఆ నూనె మరక ఎంత ఉతికినా వదలదు.

విషయానికొస్తే, విటమిన్ ఎ ఒంట్లోకి వెళ్ళి రెటినోయిక్ యాసిడ్‌గా మారుద్ది. రక్తంలోని బి కణాలు అనే రక్షణ కణాలు, రోగాలతో పోరాడే యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలుగా ఎదగాలన్నా, పేగుల్లో కాపలా కాసే ఐజీఏ అనే రకం యాంటీబాడీ తయారవ్వాలన్నా అది కావాలి. అందుకే విటమిన్ ఎ తక్కువున్న పిల్లల్లో టీకాకి స్పందన నీరసంగా ఉంటాది. ఇండోనేషియాలో పిల్లలకి ముందు ఈ మందు పట్టి రెండు వారాలాగి ధనుర్వాతం టీకా వేస్తే, మందు పట్టని పిల్లలకంటే యాంటీబాడీలు ఎక్కువొచ్చాయి. అదే దేశంలో 6 నెలల పిల్లలకి తట్టు టీకాతో కలిపి పడితే మాత్రం, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఇంకా ఉన్నవాళ్ళలో టీకా సరిగా పట్టలేదు. 9 నెలలకి ఇచ్చిన చోట్ల చూస్తే అలా తగ్గలేదు, కాబట్టి మీ పాప గురించి కంగారు పడక్కర్లేదు.

అలాగని ఎక్కువ పోస్తే ఎక్కువ యాంటీబాడీలు రావండి. చేలో నీళ్ళు లేకపోతే పంట ఎండుద్ది, కాలవంతా తెంచి వదిలితే గింజలు పెరుగుతాయా, చేను మునుగుద్ది. కరోనా టైములో మా ఊళ్ళో ఒకాయన కువైట్ నుంచి విటమిన్ ఎ క్యాప్సూల్స్ పంపిస్తే వాళ్ళావిడ ఇమ్యూనిటీ అనుకుని నాలుగేళ్ళ పిల్లాడికి రోజూ వేసేసింది, నేను పట్టే డోసు కాకుండా. వాంతులు, తలనొప్పి, తిండి మానేసాడు. డాక్టరు గారు ఆ డబ్బా చూసి ముందు అది ఆపించారు. ఇది నీళ్ళలో కరిగి మూత్రంలో పోయే విటమిన్ కాదు, లివర్లో పేరుకుపోద్ది. కడుపుతో ఉన్నవాళ్ళయితే డాక్టరు చెప్పకుండా అసలు ముట్టుకోకూడదు, ఎక్కువైతే బిడ్డకి అవకరాలు వచ్చే ప్రమాదం ఉంది.

విటమిన్ ఎ తిండిలో కూడా దొరుకుద్ది, మన పెరట్లో మునగ లేని ఇల్లుందా చెప్పండి, బొప్పాయి కూడా అంతే. మునగాకు పప్పులో వేసి కాస్త నెయ్యి తగిలించి పెట్టండి, కొవ్వు లేకపోతే ఆకులోది ఒంటికి సరిగా పట్టదు.

తర్వాత డోసు ఏడాదిన్నరకి, 2 లక్షల యూనిట్లు, అక్కడ్నుంచి ఆరు నెలలకోసారి 5 ఏళ్ళు వచ్చేదాకా, మొత్తం 9 డోసులు. కార్డులో విటమిన్ ఎ గడిలో తేదీ వేసారో లేదో ఓసారి చూసుకోండి, రద్దీలో టీకా తేదీ వేసేసి ఇది మర్చిపోతారు, నేనే ఒకట్రెండుసార్లు మర్చిపోయానండి.