గాలానికి పడ్డ స్టీల్‌హెడ్ ఒడ్డుకెందుకు రావడం లేదు?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఈ చలికాలం వాషింగ్టన్ రాష్ట్రంలోని మన స్కైకోమిష్ నదిలో నీకు పడ్డ స్టీల్‌హెడ్ చేప ఒక్కటీ ఒడ్డుకు రాలేదని అత్తయ్యతో అన్నావట. అన్ని గంటలు చలినీళ్లలో నిలబడి, తీరా పడ్డ చేప కళ్లముందే పోతే ప్రాణం ఉసూరుమంటుంది. అయితే దాన్ని అదృష్టం మీదికి నెట్టేయకు. కొన్ని చేపలు ఎవరు పట్టినా పోతాయి, అది నిజమే. వరసగా పోతున్నాయంటే మాత్రం కారణం ఉంటుంది. అది దొరికితే సరిచేసుకోవడం కష్టం కాదు.

ముందు ఒక్క విషయం గుర్తు తెచ్చుకో. చేప ఎప్పుడు పోతోంది? పడిన రెండు మూడు క్షణాల్లోనా, మధ్యలో పరుగులు తీస్తున్నప్పుడా, నీ కాళ్ల దాకా వచ్చాకా? మూడింటికీ కారణాలు వేరు. అది తేల్చుకోకుండా కొత్త రాడ్ కొంటే డబ్బు దండగ.

పడీపడగానే పోతోందంటే ముందు గాలాన్నే అనుమానించు. మొనని బొటనవేలి గోరు మీద ఆనించి, అదమకుండా మెల్లగా లాగు. గోట్లో నాటుకుని ఆగిపోతే సరే. జారిపోయి తెల్లగీత గీసిందంటే అది మొద్దుబారినట్టే, పక్కన పెట్టెయ్. స్కైకోమిష్ అడుగంతా గుండ్రాళ్లు. ఎర రాయికి తగిలిన ప్రతిసారీ మొన కాస్త కాస్త అరుగుతూనే ఉంటుంది. పొద్దున పెట్టెలోంచి తీసిన కొత్త గాలమే పది గంటలకల్లా పనికిరాకుండా పోవచ్చు. స్టీల్‌హెడ్ నోరు పైభాగం గట్టి ఎముక, మెత్తగా ఉండి పట్టు దొరికేది దవడ మూలల్లోనే. అందుకని రాయిలో ఇరుక్కుని ఊడొచ్చిన ప్రతిసారీ గోటి మీద చూసుకో. అప్పుడే గాలానికి పైన జానెడు లీడర్‌ని, అంటే గాలానికి కట్టిన చివరి తంగూసుని, వేళ్ల మధ్య జార్చి చూడు. గరుకు తగిలితే కోసేసి మళ్లీ ముడి వెయ్. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపడం మానకు, పొడిగా బిగిస్తే ఆ రాపిడికి తంగూసు బలం పోతుంది.

స్పూన్లు, స్పిన్నర్లు అనే లోహపు ఎరలకి కొట్లో తగిలించి ఇచ్చే మూడు కొక్కేల గాలం తీసేసి, పెద్ద నోరున్న ఒంటి గాలం పెట్టుకో. మూడింట్లో ఒకటి గుచ్చుకుని మిగతావి బయట ఉంటే, చేప తల విదిలించినప్పుడు ఆ బయటివే ఏ దవడకో రాయికో ఆని, లోపలిదాన్ని పెకిలించేస్తాయి. బార్బ్‌లెస్ గాలం, అంటే మొన దగ్గర ఎదురు ముల్లు లేని గాలం వల్లే చేపలు పోతున్నాయని నువ్వు అనుకుంటున్నట్టున్నావు. నేను ఒప్పుకోను. బార్బ్ లేని మొన సులువుగా లోతుకి దిగుతుంది. లైన్ వదులు కాకుండా చూసుకున్నంతసేపూ అది ఊడదు.

ఇక లాగడం. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. నదిలో చేప ఎప్పుడూ తల ఎగువకు పెట్టి నిలబడుతుంది. నీటి మీద తేలే ఫ్లోట్ మునగగానే నువ్వు రాడ్‌ని ఆకాశంలోకి ఎత్తేస్తే గాలం నేరుగా ముందుకీ పైకీ వచ్చి, నోట్లోంచి జారుతుంది, లేదా పెదవి చివర ఏదో పొరలో తగులుకుంటుంది. అలా కాకుండా రాడ్‌ని నీళ్లకు దగ్గరగా, దిగువ వైపుకు, ఒడ్డు మీదికి ఒక్క ఊపులో తిప్పు. అప్పుడు గాలం దవడ మూలకి జరిగి అక్కడ నాటుకుంటుంది. ఫ్లోట్‌కీ రాడ్ మొనకీ మధ్య లైన్ విల్లులా వంగి నీళ్ల మీద పడి ఉంటే మాత్రం ఎంత ఊపినా ఆ వంపు తీరడానికే సరిపోతుంది. కాబట్టి ఎర కొట్టుకుపోతున్నంతసేపూ లైన్ ఎత్తి ఎగువకి వేసుకుంటూ ఉండు. స్పూన్‌ని అడ్డంగా ఈదిస్తున్నప్పుడు పద్ధతి దీనికి పూర్తిగా వేరు. అక్కడ చేప నీకు దిగువన ఉంటుంది, తటాలున లాగితే దాని నోట్లోంచి నువ్వే తీసేసినట్టు. అది పట్టుకుని పక్కకు తిరిగేదాకా ఆగు. రాడ్ బరువెక్కాక గట్టిగా ఆనించి పట్టుకుంటే చాలు.

మధ్యలో పోయే చేపలకి ఎక్కువగా డ్రాగ్ కారణం, అంటే చేప లాగినప్పుడు రీల్ ఎంత బిగువు దగ్గర లైన్ వదులుతుందనేది. లీడర్ ఎన్ని పౌండ్లకి తెగుతుందో అందులో పావు వంతు నుంచి మూడో వంతు లోపు ఉండాలి. పది పౌండ్ల లీడర్ అయితే రెండున్నర, మూడు పౌండ్లు. చేత్తో లాగి చూసి ఇంతేలే అనుకోవద్దు, చేతి అంచనా తప్పుతుంది. ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే చిన్న త్రాసు మీ ఇంట్లోనూ ఉంటుంది కదా, దానికి లైన్ చివర కట్టి, రాడ్ వంచి పట్టుకుని, ఇంకొకరిని లాగమను. ఏ అంకె దగ్గర రీల్ లైన్ వదలడం మొదలుపెడుతుందో చూడు. మొదలైనప్పుడు జర్కు ఇస్తే వాషర్లు పాడైనట్టు. నువ్వు వాడేది సాగని బ్రెయిడ్ లైన్, పైగా బాస్ చేపలకి కొన్న పొట్టి, బిరుసు రాడ్. చేప తల విదిలించిన ప్రతి దెబ్బా నేరుగా గాలానికే తగులుతుంది. తొమ్మిదిన్నర నుంచి పదిన్నర అడుగుల పొడుగున్న, ఎనిమిది నుంచి పన్నెండు పౌండ్ల లైన్‌కి చేసిన స్టీల్‌హెడ్ రాడ్ ఆ దెబ్బని మధ్యలోనే మింగేస్తుంది. ఇది ఒక్కటీ డబ్బు పెట్టి కొనదగ్గ వస్తువు.

మిగతాదంతా నువ్వు నిలబడే చోటులో ఉంది. నా ఉద్దేశంలో అసలు సంగతి ఇదే. మన పులసలాగే ఇదీ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏరెక్కే చేప. రెయిన్‌బో ట్రౌటే, కాకపోతే పసిఫిక్‌లో తిరిగి, బలిసి వచ్చిన ట్రౌట్. ప్రవాహానికి ఎదురీదడం దాని బతుకు. అది నీకు దిగువన ఉండి, నువ్వు పైనుంచి లాగుతుంటే చేప బరువుతో పాటు నది బరువు కూడా నీ గాలం మీదే పడుతుంది. పైగా ఎగువనుంచి లాగేకొద్దీ అది ఇంకా దిగువకే పోవాలని చూస్తుంది. అందుకని చేప పడగానే ఉన్నచోటే నిలబడి రీల్ తిప్పకు. లైన్ బిగువు పోకుండా ఒడ్డు వెంట దిగువకు నడువు. చేపకి పక్కగా, వీలైతే కాస్త దిగువగా చేరు. అక్కడినుంచి రాడ్‌ని పక్కకు వంచి లాగితే తల తిరుగుతుంది, తల తిరిగితే ఒళ్లు తిరుగుతుంది, అప్పుడది నీతోనూ నదితోనూ పోరాడాలి. రాడ్ నిటారుగా ఎత్తి పట్టుకుంటే చేపకేమీ శ్రమ ఉండదు, తల నీటిపైకొచ్చి తపతపా కొట్టుకోవడం తప్ప. ఇంకొకటి, పోరు ఎంతసేపు సాగితే గాలం దిగిన రంధ్రం అంత వెడల్పవుతుంది. మెత్తగా, భయం భయంగా లాగి, అరగంట ఆడించేవాడికి చేపలు ఎక్కువ పోతాయి, తక్కువ కాదు.

చేప నీవైపే దూసుకొస్తే లైన్ ఒక్కసారిగా వదులైపోయి, చేప పోయిందనిపిస్తుంది. అప్పుడు ఆగకు. చేతనైనంత వేగంగా రీల్ తిప్పు, వెనక్కి అడుగులు వెయ్. సగంసార్లు చేప అక్కడే ఉంటుంది. గాల్లోకి ఎగిరితే రాడ్ మొనని దానివైపు ఒక్క క్షణం వంచి, నీళ్లలో పడగానే మళ్లీ బిగించు. నీళ్లలో దాని బరువు నీళ్లు మోస్తాయి, గాల్లో అంతా లైన్ మీదే. వెంట వెళ్లలేని సుడుల్లోకి దిగిపోతుంటే చివరి ఉపాయంగా లైన్ వదిలెయ్. ఆ వదులు లైన్‌ని ప్రవాహం చేపకి దిగువకు లాక్కుపోతుంది, చేపకేమో కిందనుంచి ఎవరో లాగుతున్నట్టుంటుంది, తిరిగి పైకి ఈదవచ్చు. ఇది నమ్మకమైన పద్ధతి కాదు, కానీ ఊరికే పట్టుకుని తెంచుకోవడం కన్నా నయం.

ఇక కాళ్ల దగ్గర పోవడం. నువ్వు ఫోటో కోసం తెచ్చే స్నేహితుడు వల పట్టుకుని నీళ్లలోకి దూకి చేప వెంటపడతాడని విన్నాను. అది వెంటనే మానిపించు. చేప నీ బూట్లనో వలనో చూడగానే ఆఖరి పరుగు తీస్తుంది. అప్పటికి లైన్ పొట్టిగా ఉంటుంది, సాగడానికి ఏమీ మిగలదు. గాలం వేయకముందే చూసుకో, కాస్త దిగువన నెమ్మదిగా పారే లోతు తక్కువ నీళ్లు ఎక్కడున్నాయా అని. చేపని అక్కడికి నడిపించు. దగ్గరికి రాగానే డ్రాగ్ ఒకింత వదులు చెయ్. వల ముందే నీళ్లలో మునిగి, కదలకుండా, చేపకి దిగువన ఉండాలి. తల ముందుగా వలలోకి దిగాక ఎత్తాలి. తోక వైపు నుంచి పొడిస్తే చేప బెదిరి ముందుకు దూసుకుపోతుంది, అంతటితో సరి. లైన్‌నీ లీడర్‌నీ కలిపే స్వివెల్ రాడ్ చివరి రింగుని తాకేదాకా రీల్ తిప్పేయకు, చేప మళ్లీ పరిగెత్తితే లైన్ బయటికి పోదు. లీడర్‌ని చేత్తో పట్టుకోవద్దు. రాడ్ వంగి ఇచ్చే ఆసరా ఆ క్షణంలో పోతుంది.

వీపు రెక్కకీ తోకకీ మధ్య ఉండే ఆ చిన్న కండ రెక్క కోసి ఉంటే హేచరీ చేప, అంటే పెంపక కేంద్రంలో పుట్టించి వదిలింది. నిండుగా ఉంటే సహజంగా పుట్టింది, దాన్ని వదిలేయాలి. స్కైకోమిష్‌తో సహా ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలోకి పారే నదుల స్టీల్‌హెడ్‌ని 2007లో ఫెడరల్ ప్రభుత్వం ముప్పులో ఉన్న జాతుల్లో చేర్చింది. వదలాల్సిన చేపని నీళ్లలోంచి పూర్తిగా పైకెత్తడమే ఈ రాష్ట్రంలో తప్పు. కాబట్టి రెక్క కనబడగానే ఒడ్డుకు లాగకుండా మోకాలి లోతులోనే ఆపి, ప్లయర్‌తో గాలం తీసెయ్. అలాంటి చేప చివర్లో తనంతట తనే ఊడిపోతే నేనైతే పోయినట్టు లెక్కపెట్టను. నిబంధనలు నదినిబట్టీ, సీజన్‌నిబట్టీ మారుతుంటాయి. బయలుదేరే ముందు వాషింగ్టన్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖవాళ్ల పేజీ ఒకసారి చూసుకో.

చేప వెంట దిగువకు నడవమన్నానని నీళ్లలో పరిగెత్తకు. నడక ఒడ్డు మీద, రాళ్లు చూసుకుంటూ. స్కైకోమిష్ ఒడ్డున రైటర్ పాండ్స్ దగ్గర బండలు ఎంత జారతాయో నీకు తెలుసు. నీళ్లలో దిగడానికి వేసుకునే వేడర్ల మీద బెల్టు బిగించందే నీళ్లలో అడుగు పెట్టొద్దు. ఇందులో మాత్రం నా మాట కాదనకు.

వచ్చే శనివారం ఇంటికి రా. రీల్ పట్టుకురా, డ్రాగ్ వాషర్లు విప్పి చూద్దాం. గాలాలకి సాన పట్టే చిన్న ఆకురాయి నా దగ్గర రెండున్నాయి, ఒకటి నువ్వు తీసుకెళ్లు.

ఇట్లు,
మామయ్య