వీడియో చూసి మార్కులు వేయకు

చిరంజీవి అమ్మాయికి,

ఏడో తరగతి పిల్లల చేత రెండు నిమిషాల వీడియోలు తీయించి, నలుగురిలో ఎలా మసలుకుంటున్నారో, కోపతాపాలు ఎలా అదుపులో పెట్టుకుంటున్నారో చూస్తానని రాశావు. బాగుంది. కానీ తయారైన వీడియోకి మాత్రం మార్కులు వేయకు. నేనొకసారి వేశాను. మ్యూజిక్, టైటిల్స్ పెట్టి సినిమా ట్రైలర్‌లా తీసిన గుంపుకే ఎక్కువ ఇచ్చాను. తీరా చూస్తే ఎడిటింగంతా ఒకడి అన్నయ్య చేసిపెట్టాడట!

నీకు కావలసింది షూటింగ్ జరిగేటప్పుడే దొరుకుతుంది. నలుగురికి ఒకే ఫోన్ ఇవ్వు, అదీ స్కూల్లోనే. ఒకడు ఫోన్ వదలడు. డైలాగ్ మూడుసార్లు మర్చిపోయిన పిల్లను చూసి ఒకరు నవ్వుతారు, ఇంకొకరు "పర్లేదులే, మళ్లీ తీద్దాం" అంటారు. ఆ మాట ఎవరన్నారో తేదీ వేసి రాసుకో. "మంచి పిల్ల" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు, అన్న మాట అన్నట్టే రాయి. కెమెరా పట్టుకున్న పిల్ల తెరమీద కనపడదు, ఆమెను మర్చిపోకు.

పాడైన టేకులు డిలీట్ చేయొద్దని ముందే చెప్పు. వారం తర్వాత అవి వాళ్లకే చూపించి, "ఇక్కడ నీకేమనిపించింది? ఇప్పుడైతే ఏం చేస్తావు?" అని అడుగు. తన మనసు తనకు తెలియడం అనేది ఆ జవాబులోనే బయటపడుతుంది, నటనలో కాదు. పిల్లలు తమ గురించి, తోటివాళ్లు వాళ్ల గురించి చెప్పేది కూడా ప్రోగ్రెస్ కార్డులో ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది కాబట్టి, హెడ్మాస్టరు అడిగితే ఆ ముక్క చెప్పు.

ఇంటి సంగతులు టాపిక్‌గా ఇవ్వకు. కొత్తగా చేరిన పిల్లకి బడి చూపించడం, ఆటలోకి రానివ్వని పిల్లాడు, ఇలాంటివి చాలు. ఎవరైనా నోరుజారి ఇంట్లో దెబ్బల సంగతి చెబితే కెమెరా ఆపి ముందు విను. అది మార్కుల విషయం కాదు.

తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి. వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లోకి పోనివ్వకు. సిగ్గరి పిల్లలను ముఖం చూపించమని బలవంతపెట్టకు, గొంతు వినిపిస్తే చాలు.

ఫోన్ ఫుల్ చార్జింగ్ పెట్టుకో. మాది సగంలో ఆగిపోతే తప్పు నీదంటే నీదని అరగంట కొట్టుకున్నారు. నిజం చెప్పాలంటే, నా నోట్‌బుక్ నిండింది ఆ రోజే.

మీ పెద్ద టీచర్