కావలి కుర్రాడికి, సైకిల్ వీరుడి వ్యాసం చదివాక

అబ్బయ్యా,

నీ వ్యాసం అందింది. మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు మండింది, దాచుకోను. స్లొవేనియా సైకిల్ పందెగాడు తాదేయ్ పొగాచార్‌ని మొదటి పేజీలో దేవుణ్ణి చేశావు, రెండో పేజీలో తుఫానుని చేశావు, మూడో పేజీకి మాటలు అయిపోయి మళ్ళీ దేవుడి దగ్గరికే పోయావు. ఇక చాల్లే అని కాగితాలు సర్దబోతుంటే తొమ్మిదో పేజీలో మీ అవ్వ మాట కంటపడింది. రాత్రి తొమ్మిదవుతుంటే నువ్వు ఫోన్‌లో ఆ రోజు చివరి కొండ చూస్తున్నావు, పక్క మంచం మీద ఆవిడ లేచి కూర్చుని "ఈ పిల్లోడికి నీళ్ళిచ్చేవాళ్ళు ఎవురూ లేరా" అని అడిగింది. ఆ వాక్యం రాసినందుకే నీకు ఈ ఉత్తరం. రాసిన మరుక్షణం దాన్ని వదిలేసినందుకు కూడా.

ఆవిడకి నువ్వేం జవాబు చెప్పావో రాయలేదు. జవాబు ఉంది కదా. టూర్ డి ఫ్రాన్స్ అంటే ఏటా మూడు వారాలు సాగే సైకిల్ పందెం, అందులో జట్టుకి ఎనిమిది మంది. నాయకుడు ఒకడైతే మిగతా వాళ్ళంతా వాడి కోసమే ఒళ్ళు హూనం చేసుకుంటారు. ఎదురుగాలికి వీళ్ళు ముందుండి తొక్కుతుంటే వాడు వెనక నక్కి బలం దాచుకుంటాడు. నీళ్ళు అయిపోతే వీళ్ళలో ఒకడు కావాలని వెనకబడి, జట్టు కారు దగ్గర సీసాలు తీసుకుని, చొక్కాలో ముందూ వెనకా కుక్కుకుని, ఆ బరువుతో మళ్ళీ గుంపునంతా దాటుకుంటూ వచ్చి అందిస్తాడు. వాళ్ళు తాగి పారేసిన ఖాళీ సీసా దొరికితే రోడ్డు పక్క అభిమాని ఇంటికి పట్టుకుపోయి దాచుకుంటాడు. మీ అవ్వ అడిగిన ఒక్క ప్రశ్నలో ఇంత ఉంది. నువ్వు మాత్రం ఆవిణ్ణి మంచం మీదే కూర్చోబెట్టి "అసమాన ప్రతిభాశాలి" దగ్గరికి పరిగెత్తావు.

ఎంతమంది కాదన్నా నేను వదలని మాట ఒకటుంది, విను. అభిమానం గురించి రాసేవాడు వీరుణ్ణి పొగడకూడదు. అభిమాని ఏం ఖర్చు పెట్టుకున్నాడో అది రాయాలి. నిద్రా, కూలి డబ్బులూ, సెలవులూ, ఇంట్లో తిన్న తిట్లూ, ఊళ్ళో పోగొట్టుకున్న పరువూ. ఇవి రాస్తే వీరుడు ఎంతటివాడో పాఠకుడే లెక్క వేసుకుంటాడు. నువ్వు "కోట్లాది అభిమానుల ఆరాధ్యుడు" అని రాశావు. ఆ కోట్లలో ఒక్కడి మొహం కూడా నాకు కనిపించలేదు.

పైగా నువ్వు ఎంచుకున్న ఆట ఎలాంటిదో చూడు. టికెట్టు లేదు, గేటు లేదు, పందెమే జనం ఇళ్ళ ముందు నుంచి పోతుంది. ఆల్ప్ దుయెజ్ అని ఫ్రాన్స్‌లో ఒక కొండ దారి ఉంది, 21 మలుపులు, 13 కిలోమీటర్ల పైచిలుకు ఎక్కుడు. అందులో ఏడో మలుపుని డచ్చివాళ్ళ మలుపు అంటారు. నెదర్లాండ్స్ జనం నారింజ రంగు చొక్కాలతో వచ్చి పందేనికి ఎన్నో రోజుల ముందే అక్కడ గుడారాలు వేసుకుని కూర్చుంటారు. తమవాడి పేరు తారు రోడ్డు మీద రంగుతో పెద్దపెద్ద అక్షరాల్లో రాస్తారు. ఇంతా చేస్తే, ఆ మనిషి వాళ్ళ ముందు నుంచి పోయేది కొన్ని క్షణాలు. తర్వాత గుడారం విప్పుకుని, కొండ దిగి, ఇంటికి పోవాలి. ఆ కొన్ని క్షణాల కోసం అన్ని రోజులు ఎండలో కూర్చున్నవాడు ఏమనుకుంటాడు, పక్కవాడితో ఏం మాట్లాడతాడు, రాత్రి చలికి ఏం కప్పుకుంటాడు? నీ పద్నాలుగు పేజీల్లో ఇందులో ఒక్కటీ లేదు.

సరే, పొగాచార్ సంగతికే వద్దాం. స్లొవేనియా జనాభా 20 లక్షల పైచిలుకు, మన పాత నెల్లూరు జిల్లాకన్నా తక్కువ. 2020 టూర్‌లో, ఇంక రెండు రోజులే మిగిలి ఉన్నాయనగా, ఒక్కొక్కరే విడివిడిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌కి ముందు, మొత్తం సమయంలో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ ప్రిమోజ్ రోగ్లిచ్ ఒంటి మీద ఉంది. పొగాచార్ 57 సెకన్లు వెనక ఉన్నాడు. ఇద్దరిదీ అదే దేశం. స్లొవేనియా నుంచి అంతకు ముందు ఎవరూ ఆ పందెం గెలవలేదు. ఆ సాయంత్రం కొండ మీద లెక్క తిరగబడింది, చివరికి పొగాచార్ 59 సెకన్ల తేడాతో గెలిచాడు. 22 ఏళ్ళు నిండటానికి ముందు రోజు పారిస్‌లో పసుపు జెర్సీతో నిలబడ్డాడు. నువ్వు దీన్ని "చరిత్ర సృష్టించాడు" అని రెండు మాటల్లో తేల్చేశావు. అక్కడ రోగ్లిచ్ కోసం జెండా పట్టుకుని నిలబడ్డ స్లొవేనియావాడి గురించి ఒక్కసారైనా ఆలోచించావా? తన దేశం గెలిచింది, తనవాడు ఓడాడు. ఆ జెండాని ఊపాలా, చుట్టి చంకలో పెట్టుకోవాలా? నేనైతే ఆ మనిషి దగ్గరే వ్యాసం మొదలుపెట్టి, అతణ్ణి వదలకుండా చివరిదాకా పోయేవాణ్ణి.

గెలిచినవాడి చుట్టూ తిరగడం తేలిక. రేమండ్ పూలిడోర్ గురించి నువ్వు చదివావా? ఫ్రాన్స్ జనం "పూపూ" అని ముద్దుగా పిలుచుకున్నారు. టూర్‌లో ఎనిమిదిసార్లు మొదటి ముగ్గురిలో ఒకడిగా నిలిచాడు, పసుపు జెర్సీ ఒక్క రోజు కూడా వేసుకోలేదు. ఆ రోజుల్లోనే జాక్ అంకెతీల్ ఐదుసార్లు గెలిచాడు. జనం మాత్రం పూలిడోర్ వైపు ఉన్నారు. 1964లో ప్యూయ్ ద డోమ్ కొండ మీద ఇద్దరూ భుజాలు రాసుకుంటూ ఎక్కారు, చివర్లో పూలిడోర్ విడిపోయి ముందుకు పోయాడు. అయినా అంకెతీల్ పసుపు జెర్సీని 14 సెకన్లతో నిలబెట్టుకున్నాడు, పారిస్‌లో గెలిచిందీ అతనే. పూలిడోర్ 2019లో పోయాడు. 2021లో అతని మనవడు మాథ్యూ వాన్ డెర్ పోల్ పసుపు జెర్సీ సాధించి, గీత దాటుతూ ఆకాశం వైపు వేలు చూపించాడు. తాత కోసం అన్నేళ్ళు రోడ్డు పక్క నిలబడి ముసలివాళ్ళయిపోయిన జనానికి ఆ రోజు ఎట్లా ఉండి ఉంటుందో నాకు నువ్వు రాసి పంపు.

అభిమానం అంటే పూలదండలే కాదు, అదీ నువ్వు తప్పించుకున్నావు. అదే ప్యూయ్ ద డోమ్ మీద 1975లో బెల్జియం పందెగాడు ఎడీ మెర్క్స్‌ని ఒక ప్రేక్షకుడు పక్కటెముకల కింద గుద్దాడు. అప్పటికి ఐదు టూర్లు గెలిచిన మనిషి ఆయన. ఆ ఏడు ఓడాడు, మళ్ళీ టూర్ గెలవలేదు. 2018లో ఆల్ప్ దుయెజ్ మీద జనం తోపులాటలో విన్‌చెన్‌జో నిబాలి పడిపోయి వెన్నుపూస విరిగింది. లేచి ఆ రోజు పందెం పూర్తి చేశాడు గానీ మర్నాడు బయల్దేరలేకపోయాడు. వాళ్ళలో చాలామంది ప్రేమతోనే ముందుకు తోసుకొచ్చి ఉంటారు. ప్రేమ దారికి అడ్డం పడటం కూడా అభిమానంలో భాగమే, దాన్ని దాచి రాస్తే అది ప్రకటన అవుతుంది, వ్యాసం కాదు. బలం కోసం వాడే నిషిద్ధ మందుల సంగతి "కొందరు తప్పుదారి పట్టారు" అని ఒక్క ముక్కలో దాటేశావు. క్యాన్సర్ నుంచి లేచొచ్చి టూర్ గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ మందులు వాడాడని తేలి, 2012లో అతని ఏడు టైటిళ్ళూ లాగేసుకున్నారు. అతని పేరు చెప్పుకుని జబ్బుతో పోరాడినవాళ్ళు ఉన్నారయ్యా. వాళ్ళు ఆ వార్త చదివిన పొద్దున్న ఏం చేశారు?

నేను ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కూడా విను. నా చిన్నతనంలో సైకిల్ దిగకుండా రాత్రింబవళ్ళు తొక్కే మనుషులు ఊరూరా వచ్చేవాళ్ళు. మా కందుకూరు అప్పుడు ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022లో నెల్లూరులో కలిపారనుకో. గుడ్లూరులో ఒకాయన బడి మైదానంలో తొక్కాడు. అన్నం సైకిల్ మీదే, స్నానం సైకిల్ మీదే, మైకులో పాటలు, చొక్కాకి పిన్నీసులతో రూపాయి నోట్లు గుచ్చేవాళ్ళు. మైదానం పక్కన టీ కొట్టాయన ఆ అన్ని రాత్రులూ కొట్టు కట్టలేదు. బేరం లేదు, అర్ధరాత్రి దాటితే ఎవరూ ఉండరు. ఎందుకయ్యా అంటే, "ఆయన మేలుకోనుంటే నేనెట్లా పడుకునేది" అన్నాడు. పొయ్యి ఆర్పకుండా కూర్చుని, సైకిల్ ఆయన చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా చెయ్యెత్తేవాడు. నేను పెద్దయ్యాక ఆ టీ కొట్టాయన మీద ఒక కథ రాసి ఒక వారపత్రికకి పంపాను. అచ్చయింది. బస్టాండులో పత్రిక కొని అక్కడే నిలబడి చదివితే టీ కొట్టాయన లేడు! సంపాదకుడు ఆయన్ని మొత్తం కోసేసి, సైకిల్ ఆయన్ని వీరుణ్ణి చేసి, చివర పట్టుదల గురించి ఒక నీతివాక్యం అతికించాడు. అడగడానికి పోతే "పాఠకులకి స్ఫూర్తి కావాలి, టీ కొట్టు ఎవడిక్కావాలి" అన్నాడు. ఆ పత్రికకి నేను మళ్ళీ రాయలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు, పోనివ్వను కూడా.

ఆ స్ఫూర్తి జబ్బు ఇప్పుడు ఇంకా ముదిరింది. ఏ ఆటగాడి గురించి రాసినా విజయానికి ఏడు మెట్లు, ఓటమి నేర్పిన పాఠం, అంతే. నీ ఆఖరి పేజీ అచ్చం అదే. చింపెయ్యి. "మీరూ మీ జీవితంలో పొగాచార్ కావచ్చు" అట! ఎవడూ కాలేడు, కానక్కర్లేదు. మీ అవ్వ పొగాచార్ కావాలనుకోలేదు, ఆ పిల్లోడికి దాహమేస్తుందనుకుంది.

ముందుమాట ఎవరి చేత రాయించాలని అడిగావు. అది ఇప్పుడు నాకు పట్టదు. దాని బదులు ఒక పని చెబుతాను. తిరునాళ్ళప్పుడు మన వైపు ఎక్కడో ఒకచోట ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు జరుగుతాయి కదా, ఒకదానికి పో. గిత్తల్ని చూడొద్దు. వాటికి వీపు తిప్పి నిలబడి, చూసేవాళ్ళని చూడు. బండ కదిలినప్పుడు ఎవడి పళ్ళు బిగుసుకుంటున్నాయో, ఎవడు తన తుండుగుడ్డ పిండేస్తున్నాడో, ఎవడు తనకేమీ కాని గిత్త పడిపోతే ఏడుస్తున్నాడో రాసుకో. ఆ పుస్తకంతో ఇంటికి వచ్చాక పొగాచార్ వ్యాసం మళ్ళీ మొదలుపెట్టు. పేజీలు సగానికి తగ్గినా ఫర్వాలేదు. "అద్భుతం", "అపూర్వం", "అనితర సాధ్యం" ఈ మూడూ కనిపిస్తే చదవకుండా తిప్పి పంపుతాను.

ఇంకో రెండు. పొగాచార్ ఐదు టూర్లు గెలిచాడని రాశావు. 2025 దాకా నాలుగే, 2020, 2021, 2024, 2025. పాతకాలం ఇటలీ పందెగాడు ఫౌస్తో కోపీ పందెంలో పడి చనిపోయాడని రాశావు, ఎక్కడ చదివావో గానీ అది తప్పు. మలేరియాతో పోయాడు, 1960 జనవరి 2న. రెండూ దిద్ది పంపు.