పాపను బడిలో చేర్చే ముందు

అమ్మాయీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు బ్రోషర్లూ చూశాను. నాలుగింట్లోనూ అవే మాటలు, అదే ఏసీ క్లాసు ఫోటో. వాటిని పక్కన పెట్టెయ్. తిరుపతి ప్రైవేటు బళ్లలో ఇన్నేళ్లు ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు చెప్పినదాన్ని, నేనైతే రెండే అడుగుతాను. జూన్‌లో పాప కూర్చునే క్లాసుకి టీచరు ఎవరు? ఆమె ఆ బడిలో ఎన్నాళ్ల నుంచి ఉంది? సీబీఎస్ఈయా, స్టేట్ సిలబస్సా అని అల్లుడూ మీ మామగారూ రోజూ వాదించుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. నాలుగేళ్ల పిల్లకు ఆ తేడా ఏం తెలుస్తుంది? ఆ సంగతి ఆరో తరగతికి వచ్చాక చూసుకోవచ్చు.

టీచర్ల గురించి ఆఫీసులో అడిగితే ‘మా స్టాఫంతా ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్లే మేడమ్’ అంటారు. ఇంకేమంటారు మరి! అసలు సంగతి తెలియాలంటే ఏప్రిల్, మే నెలల్లో మీ వీధిలోకి వచ్చే టీచర్లను అడుగు. మిట్టమధ్యాహ్నం ఎండలో గొడుగు వేసుకుని, పాంప్లెట్లు పట్టుకుని ఇద్దరిద్దరుగా వస్తుంటారు. అడ్మిషన్లు తేవాలని వాళ్లకు టార్గెట్లు. సీట్లు తెస్తేనే సెలవుల జీతం ఇచ్చే చోట్లు కూడా ఉన్నాయి. గేటు దగ్గరే పంపించెయ్యకు. లోపలికి పిలిచి, ఫ్యాను కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇవ్వు. ‘మీరు అక్కడ ఎన్నేళ్లుగా చేస్తున్నారు? మీ పిల్లల్ని కూడా అక్కడే వేశారా?’ అని మెల్లగా అడుగు. మజ్జిగ తాగే లోపల బ్రోషర్లో లేనిదంతా బయటికి వస్తుంది. జీతం సరిగ్గా ఇవ్వని బడిలో టీచర్లు నిలవరు. సంవత్సరం మధ్యలో టీచరు మారితే, అప్పుడే ఏడుపు మాని అలవాటు పడిన పిల్ల మళ్లీ మొదటి రోజులాగే గేటు పట్టుకుని ఏడుస్తుంది. దసరా సెలవుల తర్వాత ఇది ఎక్కువగా జరుగుతుంది.

తర్వాత, పక్కింట్లో ఆ బడికి వెళ్లే యూకేజీ పిల్లాడి నోటుబుక్కు ఒకటి అడిగి తెచ్చుకో. నాలుగు గీతల మధ్య ఆ వయసు పిల్లాడి అక్షరాలు వంకర టింకరగానే ఉండాలి. పేజీ నిండా అచ్చు గుద్దినట్టు ఉంటే టీచరో అమ్మో చెయ్యి పట్టుకుని రాయించారన్నమాట. తప్పు రాసిన చోట కూడా ఎర్ర టిక్కే ఉంటే, ఆమె పుస్తకం చూడలేదు, గీత గీసి పంపించింది. ఆమెనూ అనలేం. నలభై అయిదు మందిని ఒక్కదాని నెత్తిన పెడితే ఏం చేస్తుంది? ఐదో తరగతి దాకా ముప్పై మందికి ఒక టీచరు ఉండాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ప్రీ ప్రైమరీ పిల్లలకు అసలు బ్యాగే వద్దని, రెండో తరగతి దాకా హోంవర్క్ ఇవ్వొద్దని కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో ఉంది. మన ఊళ్లో పాటించేవాళ్లు తక్కువే. అయినా ‘ఎల్‌కేజీకి హోంవర్క్ ఎంత ఇస్తారు?’ అని అడిగి చూడు. చాలా ఇస్తామని గొప్పగా చెబితే, అక్కడి నుంచి లేచి వచ్చెయ్.

బడి చూడ్డానికి పొద్దున పది గంటలకు వెళ్లకు, అప్పుడంతా సర్ది ఉంటుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వెళ్లి ముందు బాత్‌రూమ్ చూడు. కుళాయి పిల్లకు అందుతుందా, ఆయమ్మ వెంట ఉంటుందా, వాసన ఎలా ఉంది? బాత్‌రూమ్ బాగాలేని బళ్లలో పిల్లలు మంచినీళ్లు తాగరు, సాయంత్రం దాకా బిగబట్టుకుంటారు. బాటిల్ నిండుగా ఇంటికి తిరిగొస్తోందంటే కారణం అదే కావచ్చు.

మన దగ్గర సగం బళ్లు ఇళ్ల కోసం కట్టిన బిల్డింగుల్లో నడుస్తున్నాయి. మెట్లు ఇరుకు. ఎల్‌కేజీ గది కిందే ఉండాలి, బయటికి రెండో దారి ఉండాలి. 2004 జులైలో కుంభకోణంలో బడి వంటపాకలో అంటుకున్న నిప్పు పైకి పాకి 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ రోజుల్లో మా బళ్లో వారం రోజులు దానిమీదే మాటలు. తర్వాత అందరూ మర్చిపోయారు. నువ్వు మాత్రం ఫైర్ ఎన్‌వోసీ, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే కాగితం, ఉందా అని అడుగు. మొహం చిట్లిస్తే చిట్లించనీ.

ఇక దూరం. మీరుండేది ఎమ్మార్‌పల్లి. అల్లుడికి నచ్చిన బడేమో రేణిగుంట రోడ్డులో. బస్సు ఊరంతా తిరిగి పిల్లల్ని ఎక్కించుకోవాలి కాబట్టి పాప ఏడు గంటలకల్లా గేటు దగ్గర నిలబడాలి. ఆ వయసులో అన్నం సగంలో వదిలి, నిద్రమత్తులో బస్సెక్కుతుంది. బ్రహ్మోత్సవాలప్పుడు ట్రాఫిక్ సంగతి నీకు నేను చెప్పాలా? మీ ఇంటికి నడిచి వెళ్లే దూరంలో ఓ మోస్తరు బడి ఉంటే నా ఓటు దానికే.

ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకు. వస్తుంది. ముందు తెలుగులో తను చూసింది నాలుగు ముక్కలు చెప్పగలగాలి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపే చిన్న బళ్లలో పిల్లలు తెలుగు కార్డులు తీసుకుని ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకుంటారు, ఒకే గదిలో పెద్దా చిన్నా కలిసి. మన ప్రైవేటు బళ్లలోనేమో తెలుగు మాట్లాడితే ఫైను! అలాంటి బడి వద్దు.

ఫీజు మాట నోటితో చెబితే ఒప్పుకోకు. అడ్మిషన్, టర్మ్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బస్సు, అన్నీ ఒక కాగితం మీద రాయించుకో. పోయిన మూడేళ్లలో ఎంతెంత పెంచారో అక్కడ చదివే పిల్లల తల్లుల్ని అడుగు. ‘ఈ నెలాఖరు లోపల కడితే డిస్కౌంట్’ అన్నారని పరిగెత్తొద్దు. వచ్చే నెల ఇంకో పేరుతో అదే డిస్కౌంట్ ఉంటుంది. బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ వస్తుంది కదా అని లెక్క వేసుకుంటున్నావేమో, ఆ డబ్బు ఒకటో తరగతి నుంచే, ఎల్‌కేజీకి రాదు.

అన్నిటికంటే ఎక్కువ మోసం బ్రాంచీల్లో. గుర్తింపు రాకముందే కొత్త బ్రాంచికి బోర్డు పెట్టేస్తారు, పిల్లల పేర్లు మాత్రం ఇంకో బ్రాంచి రిజిస్టర్లో ఉంటాయి. టీసీ అడిగిన రోజు ఊరంతా తిప్పుతారు. అందుకే ఆ బిల్డింగుకి యూడైస్ కోడ్, అంటే ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే నంబరు, ఎంత అని అడుగు. పదకొండు అంకెలు ఉంటాయి, మన రాష్ట్రానిది 28తో మొదలవుతుంది. చెప్పడానికి నసిగితే డీఈవో ఆఫీసులో కనుక్కో.

వయసు విషయంలో తొందరపడొద్దు. కొత్త విద్యావిధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్లు. కేంద్రీయ విద్యాలయంలో అయితే ఆ ఏడాది మార్చి 31 నాటికి ఆరు నిండాలి. అక్కడ కూడా ప్రయత్నిస్తామన్నారు కదా, ఆ లెక్కన వెనక్కి లెక్కపెట్టి ఎల్‌కేజీలో వెయ్యండి. ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు పిల్లకు టెస్టు పెట్టినా, నిన్నూ అల్లుణ్ణీ ఇంటర్వ్యూ చేసినా అది చట్టానికి విరుద్ధం. మొదటిసారికే 25,000 రూపాయల దాకా జరిమానా ఉంది. గొడవ పడమని కాదు, ఆ ముక్క తెలుసన్నట్టు ఒకసారి అను చాలు.

అన్నట్టు, మీ ఇంట్లో పనిచేసే ఆమె కూతురు వచ్చే ఏడు ఒకటో తరగతే కదా. ప్రైవేటు బళ్లలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మీ వార్డు సచివాలయంలో కనుక్కుని, దరఖాస్తు నువ్వే దగ్గరుండి పెట్టించు. ఆమె ఒక్కతే వెళితే తిప్పి పంపిస్తారు.

ఫారం నింపేటప్పుడు బర్త్ సర్టిఫికెట్లో పేరు, ఆధార్లో పేరు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక ఉంటే ఇప్పుడే మార్పించండి. బడి రిజిస్టర్లో ఎక్కిన పేరే టెన్త్ సర్టిఫికెట్ దాకా వెళుతుంది. మీ అమ్మ దగ్గర పాప హాస్పిటల్ కాగితం ఒకటి ఉంది, కార్పొరేషన్ ఆఫీసుకి వెళ్లేటప్పుడు అది కూడా తీసుకెళ్లు.

ఉంటాను,
పెద్దమ్మ